ఇంటిపేరు చెప్పేదెంత, డీఎన్‌ఏ చెప్పేదెంత: కోనిగ్స్‌బెర్గర్ నుంచి ‘రావు’ దాకా

జార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్‌లో అగ్రికో అనే పేట ఉంది. అది దేవుడి పేరూ కాదు, రాజు పేరూ కాదు. పొలం పనిముట్లు చేసే కంపెనీ పేరు. ‘వ్యవసాయం’ అనే ఇంగ్లిషు మాటను కుదించి, చివర కంపెనీకి గుర్తుగా ‘కో’ తగిలిస్తే అగ్రికో అయింది. 1920ల నుంచి టాటా ఉక్కు కంపెనీ పారలు, పికాసులు, గునపాలు ఆ ముద్రతోనే దేశమంతా వెళ్లాయి. పనిముట్ల పేరే పేటకూ నిలిచింది.

ఇప్పుడొక ఊహ. రేపటి నుంచి ప్రతి కుటుంబమూ తానున్న పేట పేరునే ఇంటిపేరుగా రాసుకోవాలని ప్రభుత్వం ఆజ్ఞ వేసిందనుకోండి. శ్రీకాకుళం నుంచి వచ్చిన కుటుంబం ‘అగ్రికో’ అవుతుంది. పక్క క్వార్టర్‌లోని పంజాబీ కుటుంబం, ఎదురింటి బెంగాలీ కుటుంబం, ఈ నేల మీదే తరతరాలుగా ఉన్న హో, సంథాల్ కుటుంబాలు అన్నీ అగ్రికోలే అవుతాయి. మూడు వందల ఏళ్ల తర్వాత ఇద్దరు అగ్రికోలు ఎక్కడో విమానాశ్రయంలో తారసపడి ‘మనది ఒకే వంశమై ఉంటుంది’ అనుకుంటే, పేరు వారిని మోసం చేసినట్టే.

ఇది వట్టి ఊహ కాదు. జర్మన్ ఇంటిపేర్లలో చాలా భాగం ఇలాగే పుట్టాయి. అలాంటి పేరు ఒకటి జంషెడ్‌పూర్ చరిత్రలోనే ఉంది.

రాజుగారి కొండ

జంషెడ్‌పూర్ ఒక్కసారిగా వేసిన పట్నం కాదు. 1907లో కంపెనీ ఏర్పడి, 1912లో మొదటి ఉక్కు తయారైన నాటి నుంచి నగరానికి ఒకదాని తర్వాత ఒకటిగా ప్రణాళికలు వేశారు. 1940లలో ఆ పని ఒట్టో కోనిగ్స్‌బెర్గర్ చేతికి వచ్చింది. ఆయన 1908లో బెర్లిన్‌లో పుట్టిన వాస్తుశిల్పి. యూదు మూలాలున్న కుటుంబం కావడంతో 1933లో నాజీల రాకతో దేశం విడిచారు. 1939లో మైసూరు సంస్థానంలో ఉద్యోగంలో చేరారు. జంషెడ్‌పూర్ అభివృద్ధి ప్రణాళిక రూపొందించారు. స్వాతంత్ర్యం తర్వాత భువనేశ్వర్ ప్రణాళిక కూడా ఆయనదే.

కోనిగ్ అంటే రాజు, బెర్గ్ అంటే కొండ. చివర ఉన్న ‘ఎర్’ అంటే ‘ఆ ఊరివాడు’. కోనిగ్స్‌బెర్గర్ అంటే కోనిగ్స్‌బెర్గ్ ఊరివాడు. తెలుగువారికి ఈ వ్యాకరణం కొత్త కాదు. టంగుటూరు ‘టంగుటూరి’ అయినట్టు, కందుకూరు ‘కందుకూరి’ అయినట్టు, జర్మన్‌లో ఊరి పేరుకు ‘ఎర్’ చేరుతుంది. తేడా అల్లా, తెలుగులో అది పేరుకు ముందు నిలుస్తుంది, జర్మన్‌లో వెనక.

అయితే ఏ కోనిగ్స్‌బెర్గ్? గణితం చదివినవారికి వెంటనే గుర్తొచ్చేది ఏడు వంతెనల కోనిగ్స్‌బెర్గ్. ఒక్కో వంతెనను ఒక్కసారే దాటుతూ ఊరంతా తిరిగి రాగలమా అనే చిక్కును 1736లో ఆయిలర్ విప్పింది ఆ ఊరి గురించే. 1255లో వెలసిన ఆ నగరం ఇప్పుడు రష్యాలో కలీనిన్‌గ్రాద్ పేరుతో ఉంది. కానీ అదే పేరుతో బవేరియాలో ఒక చిన్న పట్నం ఉంది. నేటి పోలండ్‌లోని హోయ్నా, స్లొవాకియాలోని నోవా బాన్యా కూడా జర్మన్‌లో కోనిగ్స్‌బెర్గ్‌లే. రాజులకూ కొండలకూ ఐరోపాలో కొదవ లేదు మరి.

బవేరియాలోని కోనిగ్స్‌బెర్గ్‌లో 1436లో పుట్టిన ఖగోళ గణిత శాస్త్రజ్ఞుడిని లోకం రెజియోమోంటానస్ అంటుంది. అది ‘రాజుగారి కొండ ఊరివాడు’ అన్న మాటకే లాటిన్ రూపం. ఆయన అసలు పేరు యోహానెస్ మ్యూలర్. మ్యూలర్ అంటే పిండిమర నడిపేవాడు. నేటి జర్మనీలో అత్యధికంగా కనిపించే ఇంటిపేరు అదే. ప్రతి ఊళ్లోనూ ఒక పిండిమర ఉండేది కాబట్టి ప్రతి ఊళ్లోనూ ఒక మ్యూలర్ పుట్టాడు. అంటే ఈ ఒక్క మనిషికి రెండు పేర్లు, రెండూ ఎక్కడెక్కడి మనుషులతోనో పంచుకున్నవే.

యూదు కుటుంబాల సంగతి మరీ వేరు. చాలాకాలం వారిలో స్థిరమైన ఇంటిపేరు వాడుక లేదు. తండ్రి పేరు చేర్చుకునేవారు. 1787లో ఆస్ట్రియా, 1812లో ప్రష్యా చట్టం చేసి స్థిరమైన ఇంటిపేరు పెట్టుకోమన్నాయి. అప్పుడు చాలామంది ఊరి పేర్లు ఎంచుకున్నారు. ఒక ఊరి నుంచి వచ్చిన సంబంధం లేని రెండు కుటుంబాలు ఒకే పేరు తీసుకోవచ్చు. సొంత అన్నదమ్ములు వేర్వేరు ఊళ్లలో ఉంటే వేర్వేరు పేర్లు నమోదు కావచ్చు. అగ్రికో గురించి పైన వేసిన ఊహ అక్కడ నిజంగా జరిగింది.

తండ్రి నుంచి కొడుక్కి

పేరుకూ జన్యువులకూ సంబంధం ఎక్కడైనా ఉంటే అది వై క్రోమోజోమ్ దగ్గర ఉంటుంది. మనిషి కణంలో 23 జతల క్రోమోజోములు ఉంటాయి. వాటిలో 22 జతలు తల్లి సగం, తండ్రి సగం ఇచ్చినవి. తరం మారేటప్పుడల్లా పేకముక్కల్లా కలిసిపోతాయి. వై మాత్రం మగవాళ్లకే ఉంటుంది, దాదాపు మొత్తం కలవకుండా తండ్రి నుంచి కొడుక్కి దిగుతుంది. ఇంటిపేరు నడిచే దారీ అదే. పూర్వం ఒకే ఒక్క మనిషి ఒక పేరు పెట్టుకుని, ఆ పేరు ఎక్కడా తెగకుండా మగసంతానం వెంట వస్తే, ఆ పేరున్న మగవాళ్లందరి వై దాదాపు ఒకేలా ఉండాలి.

‘దాదాపు’ అనడానికి కారణం ఉంది. వై మీద కొన్నిచోట్ల చిన్న అక్షరాల వరుస పదేపదే వస్తుంది. ఒకరిలో 14 సార్లు, మరొకరిలో 15 సార్లు. ఈ లెక్క ఎప్పుడో గాని మారదు. ఒక్కో చోట సుమారు కొన్ని వందల తరాలకు ఒకసారి మారుతుంది. అలాంటి చోట్లు పదుల సంఖ్యలో చూస్తే, ఇద్దరు మగవాళ్ల పితృమూలం ఎంత దగ్గరో అంచనా వేయొచ్చు.

ఈ ఆలోచనను 2000లో ఆక్స్‌ఫర్డ్ జన్యుశాస్త్రజ్ఞుడు బ్రయన్ సైక్స్ తన ఇంటిపేరు మీదే పరీక్షించారు. సైక్స్ అనే పేరున్న, తెలిసిన బంధుత్వం లేని మగవాళ్ల నమూనాలు సేకరించి చూస్తే, సగానికి కాస్త తక్కువ మందిలో ఒకే రకం వై కనిపించింది. 2009లో టూరీ కింగ్, మార్క్ జాబ్లింగ్ ఈ పరీక్షను 40 బ్రిటిష్ ఇంటిపేర్లకు విస్తరించారు. ఫలితం చూడముచ్చటగా ఉంది. అటెన్‌బరో లాంటి అరుదైన పేర్లలో 10 మందికి దాదాపు 9 మంది ఒకే వై గుంపుకు చెందారు. స్మిత్ లాంటి సాధారణ పేర్లలో మాత్రం ఏ ఇద్దరినీ పేరు కలపలేదు. వీధిలో ఎవరినో ఇద్దరిని పట్టుకున్నట్టే ఉంది. స్మిత్ అంటే కమ్మరి. జర్మన్ ష్మిట్ కూడా అంతే.

అంటే పేరు ఎంత అరుదైతే దానికి మూలపురుషుడు ఒక్కడే అయ్యే అవకాశం అంత ఎక్కువ. పిండిమర, కొలిమి, ఊరు, కొండ లాంటి వాటి మీద పుట్టిన పేర్లకు మూలపురుషులు చాలామంది.

తెగే దారాలు

మూలపురుషుడు ఒక్కడే అయినా దారం మధ్యలో తెగొచ్చు. తెలుగు ఇళ్లలో దత్తత వస్తే ఇంటిపేరు మారుతుంది, వై మారదు. ఇల్లరికం అల్లుడు అత్తవారి ఇంటిపేరు తీసుకున్న సందర్భాలూ ఉన్నాయి. ఇదేదో మన దగ్గరే ఉన్న వింత అనుకోనక్కర్లేదు. జర్మనీలోని వెస్ట్‌ఫాలియా ప్రాంతంలో ఒకప్పుడు పొలం పేరే ఇంటిపేరు. ఆ పొలానికి వారసురాలైన అమ్మాయిని పెళ్లాడి వచ్చినవాడు తన పుట్టింటి పేరు వదిలి పొలం పేరు పెట్టుకునేవాడు. పిల్లలకు అదే వచ్చేది. పేరు తల్లిది, వై తండ్రిది.

రికార్డుల్లో తండ్రి ఒకరు, నిజమైన తండ్రి మరొకరు అయిన సందర్భాలు ఉంటాయి. ఐరోపాలో పాత వంశవృక్షాలను డీఎన్‌ఏతో సరిచూసిన పరిశోధనలు ఇది తరానికి సుమారు 1 శాతం అని తేల్చాయి. జనం గుసగుసలాడే దానికంటే ఇది చాలా తక్కువ. కానీ ఒక్క శాతం కూడా పోగవుతుంది. 25 తరాలకు, అంటే ఏడెనిమిది వందల ఏళ్లకు, 100 దారాల్లో 22 తెగిపోతాయి. రాజవంశాలకూ మినహాయింపు లేదు. ఇంగ్లండ్ రాజు మూడో రిచర్డ్ అస్థికలు 2012లో లెస్టర్‌లో ఒక కారు పార్కింగ్ కింద దొరికాయి. తల్లి వైపు నుంచి వచ్చే మైటోకాండ్రియా డీఎన్‌ఏ ఆయన సోదరి సంతతితో సరిపోయింది. వంశవృక్షం ప్రకారం సరిపోవాల్సిన వై మాత్రం సరిపోలేదు. మధ్యలో ఏ తరంలోనో దారం తెగింది.

మైటోకాండ్రియా మాట వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. అది తల్లి నుంచి కూతురికి, ఆమె నుంచి ఆమె కూతురికి వై అంత నమ్మకంగా దిగుతుంది. కానీ దాని వెంట నడిచే పేరు మాత్రం లేదు. పెళ్లితో ఆడపిల్ల ఇంటిపేరు మారిపోతుంది కదా.

‘రావు’ ఎవరు?

జంషెడ్‌పూర్‌కు ఉక్కు కర్మాగారంతో పాటే ఉత్తరాంధ్ర నుంచి తెలుగు కార్మికులు వచ్చారు. ఇప్పుడు అక్కడ మూడో తరం, నాలుగో తరం తెలుగువారున్నారు. వారి పేర్లలో ఒక మార్పు కనిపిస్తుంది. తాత పేరు ఇంటిపేరుతో మొదలయ్యేది. కంపెనీ రిజిస్టరులో అది ఒక్క ఇంగ్లిషు అక్షరంగా కుదిరింది. బడి దరఖాస్తులో ‘చివరి పేరు’ అనే గడి వచ్చింది. అప్పారావు, సూర్యారావు, జగ్గారావు లాంటి పేర్ల చివర ఉన్న ‘రావు’ను విడదీసి ఆ గడిలో వేశారు. పిల్లలు, మనవలు అందరూ రావులయ్యారు. అసలు ఇంటిపేరు పెళ్లి పత్రికల్లోనూ పూజలో సంకల్పం దగ్గరా మాత్రమే బయటికొచ్చే సంగతి అయింది.

‘రావు’ ఎప్పుడూ ఒక వంశం పేరు కాదు. ‘రాజు’, ‘రాయ’ అనే మాటల నుంచి వచ్చిన గౌరవవాచకం అది. ఉత్తరాంధ్రలో ఎన్నో కులాల వారి పేర్ల చివర ఉంటుంది. కర్ణాటకలో ఉంది, మహారాష్ట్రలో ఉంది, రాజస్థాన్‌లోనూ ఉంది. అందువల్ల జంషెడ్‌పూర్‌లో వందమంది రావుల వై పరీక్షిస్తే స్మిత్‌ల కథే రావాలి, సైక్స్ కథ కాదు. ఇటీవల బుగ్గ లోపలి తడి తీసి పంపితే ‘మీ మూలాలు’ చెప్పే కిట్లు అమ్ముతున్నారు. అందులో ‘మీ ఇంటిపేరే ఉన్న బంధువులు’ అంటూ రావుల జాబితా వస్తే దాన్ని ఈ దృష్టితోనే చదవాలి. ఆ జాబితాలో నిజమైన బంధువు ఉండొచ్చు. కానీ అతను ‘రావు’ కావడం అందుకు సాక్ష్యం కాదు.

ఇలా ఇంటిపేరు జారిపోవడం కార్మికులకే జరిగిందని కాదు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా వెళ్లాక వైజ్ఞానిక పత్రికల్లో ఆయన చివరి పేరు ‘సుబ్బారో’గా స్థిరపడింది. రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే ఫిస్క్–సుబ్బారో పద్ధతి అలాగే ప్రసిద్ధమైంది. 1953లో ఒక శిలీంధ్ర ప్రజాతికి ఆయన గౌరవార్థం సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టారు. యల్లాప్రగడ అనే మాట, అందులో ‘ప్రగడ’ అనే పాత ఉద్యోగపు ఆనవాలు, శాస్త్రలోకంలో ఎక్కడా కనిపించవు.

సరే, ‘రావు’ను పక్కన పెట్టి అసలు ఇంటిపేరు బయటికి తీస్తే? అది మరింత సమాచారం ఇస్తుంది, నిజమే. కానీ అక్కడా జాగ్రత్త కావాలి. కందుకూరు నెల్లూరు వైపు ఒకటుంది, హైదరాబాద్ దగ్గర రంగారెడ్డి జిల్లాలో మరొకటుంది. ఒకే ఇంటిపేరు నాలుగైదు కులాల్లో ఉండటం, ఒకే కులంలో ఒకే ఇంటిపేరుకు రెండు గోత్రాలు ఉండటం తెలుగునాట ఎవరైనా చూసిందే. ఊరు ఒకటే, బయల్దేరిన ఇళ్లు వేరు.

జన్యువులు పెళ్లిళ్ల వెంట నడుస్తాయి

వై క్రోమోజోమ్ మొత్తం డీఎన్‌ఏలో 2 శాతం లోపే. పది తరాల వెనక్కి వెళ్తే ఒక మనిషికి 1,024 పూర్వికుల స్థానాలు ఉంటాయి. ఇంటిపేరు వాటిలో ఒక్కటంటే ఒక్కదాన్నే చూపిస్తుంది. మిగతా 1,023 స్థానాల ఇంటిపేర్లు వేరు, డీఎన్‌ఏలో వాటా మాత్రం వాటిదే ఎక్కువ.

దీనికి ఒట్టో కోనిగ్స్‌బెర్గర్ కుటుంబమే మంచి ఉదాహరణ. ఆయన తల్లి ఇంటిపేరు బోర్న్. క్వాంటమ్ యాంత్రికశాస్త్రానికి 1954లో నోబెల్ బహుమతి అందుకున్న మాక్స్ బోర్న్ ఆమె సోదరుడు. సి.వి. రామన్ ఆహ్వానం మీద 1935–36లో బెంగళూరులో కొంతకాలం పనిచేసిన బోర్న్, జంషెడ్‌పూర్‌కు ప్రణాళిక వేసిన మనిషికి స్వయానా మేనమామ. ఇంటిపేర్లు వేరు, వై వేరు. కానీ మేనమామకూ మేనల్లుడికీ సగటున 25 శాతం డీఎన్‌ఏ ఉమ్మడి. ప్రపంచంలోని మరో కోనిగ్స్‌బెర్గర్‌తో ఒట్టోకు ఉమ్మడి ఎంతో చెప్పలేం, అసలేమీ లేకపోవచ్చు.

మేనమామ అనగానే తెలుగు ఇళ్లలో మేనరికం గుర్తుకు రాక మానదు. ఒకే ఇంటిపేరు, ఒకే గోత్రం వారికి పెళ్లి కుదరదు. మేనమామ కూతురికీ, మేనత్త కొడుకుకీ కుదురుతుంది. అక్క కూతురిని చేసుకోవడమూ చాలా కుటుంబాల్లో ఆచారంగా ఉంది. ఈ నియమం వై దారాన్ని కాపలా కాస్తుంది, మిగతా 22 జతల్ని పట్టించుకోదు. ఏడు తరాల క్రితం విడిపోయిన ఒకే ఇంటిపేరు వారి మధ్య ఉమ్మడి డీఎన్‌ఏ దాదాపు శూన్యం. మేనబావ మరదళ్ల మధ్య 12.5 శాతం. మేనమామ, మేనకోడళ్ల మధ్య 25 శాతం. తల్లిదండ్రులిద్దరూ ఒకే పూర్వికుడి నుంచి ఒకే లోపభూయిష్ట జన్యువును తెచ్చుకుంటే, బిడ్డకు అది రెండు వైపులా నుంచి చేరుతుంది. వారికి బయటపడని జబ్బు బిడ్డలో బయటపడుతుంది. నిషేధం ఉన్నచోట ప్రమాదం లేదు, ప్రమాదం ఉన్నచోట నిషేధం లేదు.

కుటుంబం దాటి చూస్తే, జన్యువుల సరిహద్దు గీసేది తరతరాలుగా ఎవరు ఎవరిని పెళ్లాడారన్న సంగతి. 2009లో హైదరాబాద్‌లోని సీసీఎంబీకి చెందిన కుమారస్వామి తంగరాజ్, లాల్జీ సింగ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ తదితరులు ప్రచురించిన పరిశోధన ఇందుకు గట్టి ఆధారం. ఆంధ్ర ప్రాంతపు వైశ్యుల డీఎన్‌ఏలో, కొద్దిమంది పూర్వికుల నుంచి పెరిగి రెండు మూడు వేల ఏళ్లుగా బయటి పెళ్లిళ్లు దాదాపు లేకుండా సాగిన సమాజపు గుర్తులు కనిపించాయి. 2017లో ఇదే బృందాలు దక్షిణాసియాలోని 263 సమూహాలను పరిశీలించాయి. వాటిలో 81 సమూహాల్లో ఈ ప్రభావం, ఇందుకు పేరుపడ్డ అష్కెనాజీ యూదుల కంటే కూడా బలంగా ఉంది. అష్కెనాజీ యూదుల్లో టే–శాక్స్ వ్యాధి ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే. ఆరేడు వందల ఏళ్ల క్రితం కొన్ని వందల మంది స్థాయికి కుంచించుకున్న జనాభా నుంచి వారు పెరిగారు. వారిలో కోనిగ్స్‌బెర్గర్, బోర్న్, కౌఫ్‌మన్ లాంటి పేర్లు ఎన్ని ఉన్నా, జబ్బు విషయంలో లెక్కకు వచ్చింది పేరు కాదు, పెళ్లిళ్ల వలయం.

వైశ్యుల్లో అలా ఎక్కువగా కనిపించే లోపం ఒకటి ఆపరేషన్ బల్ల మీద బయటపడుతుంది. మత్తు ఇచ్చి గొట్టం వేసే ముందు కండరాలు సడలడానికి సక్సినైల్‌కోలిన్ అనే మందు వాడతారు. ఆసుపత్రుల్లో దాన్ని స్కోలిన్ అంటారు. రక్తంలోని బ్యూటిరిల్‌కోలినెస్టరేస్ అనే ఎంజైమ్ దాన్ని కొద్ది నిమిషాల్లోనే విరగ్గొడుతుంది, రోగి తనంతట తాను ఊపిరి తీస్తాడు. ఆ ఎంజైమ్ తయారుచేసే జన్యువు తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపంతో వచ్చినవారిలో మందు గంటల తరబడి అలాగే ఉండిపోతుంది. ఊపిరి కండరాలు కదలవు. అంతసేపూ కృత్రిమ శ్వాస మీద ఉంచాలి. మామూలు రోజుల్లో ఈ లోపం ఏ ఇబ్బందీ పెట్టదు కాబట్టి మొదటి ఆపరేషన్ దాకా ఎవరికీ తెలియదు.

జంషెడ్‌పూర్ లాంటి ఊళ్లో ఇక్కడే పేరు తప్పుదారి పట్టిస్తుంది. అక్కడ ‘గుప్తా’ అనే పేరు చాలావరకు బీహార్, ఉత్తరప్రదేశ్ వైపు వర్తక కులాలది. వారి పెళ్లిళ్ల వలయం వేరు. తెలుగు వైశ్య కుటుంబాల్లోనూ ‘గుప్త’ ఉంది. కానీ రిజిస్టరు దయతో ‘రావు’ అయిపోయిన తెలుగు వైశ్యుడూ ఉండొచ్చు. రోగి చీటీ మీది పేరు చూసి డాక్టరు ఊహించగలిగింది ఏమీ లేదు. తాతల ఊరు ఏది, అమ్మ పుట్టింటివారు ఎవరు, మేనరికపు పెళ్లిళ్లు ఉన్నాయా, ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత తెలివి వచ్చినా ఊపిరి తీయడం ఆలస్యమైందా అన్న నాలుగు ప్రశ్నలకు జవాబులు ఉపయోగపడతాయి. అనుమానం ఉంటే ఎంజైమ్ ఎంత చురుగ్గా ఉందో మామూలు రక్తపరీక్షతో తెలుస్తుంది. తక్కువని తేలితే స్కోలిన్ బదులు రోకురోనియం లాంటి మరో మందు వాడతారు.